పాస్ పుట్టింది ఆ మ్యాచ్‌లోనేనా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లిన పిల్లలు అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ గురించి ఒక కథ మోసుకొస్తారు. ఒకప్పుడు ఆ ఆటలో బంతిని పొట్టకు అదుముకుని పరుగెత్తడం ఒక్కటే ఉండేదట. 1913లో నోటర్ డేమ్ కాలేజీ కుర్రాళ్లు ఆర్మీ జట్టు మీద బంతిని ముందుకు విసిరారట. పాస్ అక్కడే పుట్టిందట. వినడానికి బాగుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నిలవడం లేదు.

ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతి చేతిలో ఉన్న జట్టుకు ఇప్పటి నియమం ప్రకారం 4 అవకాశాలు ఇస్తారు. ఆలోగా 10 గజాలు ముందుకు జరగాలి. ప్రతి అవకాశాన్నీ డౌన్ అంటారు. డౌన్‌కు ఒకసారి కోచ్ తేల్చుకోవాలి: పరుగా, పాసా?

ముందు ఆ మ్యాచ్ జరిగిందా లేదా? జరిగింది. 1913 నవంబరు 1, ఆర్మీ అనే సైనిక కాలేజీ జట్టు ఉండే వెస్ట్ పాయింట్‌లో. నోటర్ డేమ్ 35, ఆర్మీ 13. మదనపల్లెలో బీటీ కాలేజీ పెట్టడానికి రెండేళ్ల ముందు మాట. అంతవరకు కథలో పేచీ లేదు.

పాస్ ఆ రోజే పుట్టిందా? ఈ ప్రశ్నకు పాత నియమావళి చాలు. బంతిని ముందుకు విసరడాన్ని అనుమతించింది 1906 సీజన్‌కు. దాని వెనక 1905 నాటి గొడవ ఉంది. ఆ ఏడాది ఆటలో చనిపోయినవారు 18 మంది అని కొన్ని కథనాలు, 19 మంది అని కొన్ని. అక్టోబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. డిసెంబరు 28న న్యూయార్క్‌లో 62 విద్యాసంస్థలు సమావేశమయ్యాయి. మరుసటి ఏడాది నియమాలు మారాయి. మృతుల లెక్కలో ఒకటి అటూ ఇటూ అయినా మన తేదీ మారదు. వెస్ట్ పాయింట్ మ్యాచ్ నాటికి పాస్‌కు ఏడేళ్లు నిండాయి.

మరి మొదట విసిరిందెవరు? ఇక్కడ రెండు తప్పుదారులు ఎదురవుతాయి. ఒకటి 1895 అక్టోబరులో అట్లాంటాలో నార్త్ కరోలినా, జార్జియా ఆడిన మ్యాచ్. నార్త్ కరోలినా ఆటగాడు బంతిని ముందుకు విసిరాడు, ఇంకొకడు అందుకుని గోల్ గీత దాటాడు. జార్జియా కోచ్ అభ్యంతరం చెప్పాడు, ఫలితం లేకపోయింది. స్కోరు 6–0. అయితే అప్పటికి అది నిషిద్ధం. అంపైరు కన్నుగప్పిన నోబాల్‌ను రికార్డుగా రాసుకోం కదా. దీన్ని పక్కన పెట్టాను.

రెండోది అంత తేలిగ్గా పోదు. 1905 క్రిస్మస్ నాడు కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో ఫెయిర్‌మౌంట్, వాష్‌బర్న్ కాలేజీలు ఒక ప్రయోగపు మ్యాచ్ ఆడాయి. రాబోయే నియమాలను మైదానంలో పరీక్షించడానికి పెట్టిన ఆట అది. అందులో పాస్ విసిరారు, అందుకున్నారు కూడా. కానీ అప్పటికి ఆ నియమం పుస్తకంలోకి ఎక్కలేదు. రిహార్సల్‌ను రిహార్సల్‌గానే రాసుకోవాలి.

నిఖార్సైన తేదీ 1906 సెప్టెంబరు 5. విస్కాన్సిన్‌లోని వాకెషా ఊళ్లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ, కారల్ కాలేజీ ఆడాయి. సెయింట్ లూయిస్ కోచ్ ఎడ్డీ కోకెమ్స్. విసిరింది బ్రాడ్‌బరీ రాబిన్సన్. మొదటి పాస్ ఎవరికీ అందలేదు. అప్పటి నియమం ప్రకారం బంతి అవతలి జట్టుకు పోయింది. తర్వాత ఇంకోసారి విసిరాడు. జాక్ ష్నైడర్ అందుకుని గోల్ గీత దాటాడు, అంటే టచ్‌డౌన్ అయింది. మ్యాచ్ 22–0. ఆ సీజన్‌లో సెయింట్ లూయిస్ 11 మ్యాచ్‌లూ గెలిచింది. చేసిన పాయింట్లు 407, ఇచ్చినవి 11.

దీనికి ఎదురు సాక్ష్యం ఒకటుంది, అదీ చిన్న మనిషిది కాదు. షికాగో యూనివర్సిటీ కోచ్ అమోస్ అలోంజో స్టాగ్ ముసలితనంలో చెప్పిన మాట: పాస్ ఘనత ఎవరో ఒకరికి కట్టబెట్టడం సరికాదు, 1906లో కోచ్‌లందరూ దాని మీద పనిచేస్తూనే ఉన్నారు, తన ఒక్కడి దగ్గరే 64 రకాల పాస్ పథకాలు ఉన్నాయి. నిజమే కావచ్చు. కానీ మన ప్రశ్న ఎవరి నోటుబుక్కులో ఏముందని కాదు, మైదానంలో ఎవరు ముందు విసిరారని. సెప్టెంబరు 5 కన్నా ముందు తేదీ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

కథను కాపాడాలనుకునేవాళ్లు ఇక్కడ ఒక మెట్టు దిగుతారు. సరే, పడమటి కాలేజీలు విసిరాయి, తూర్పు తీరంలోని పెద్ద కాలేజీలకు 1913 దాకా పాస్ తెలియదు అంటారు. ఇదీ నిలవదు. 1906 అక్టోబరు 3న వెస్లియన్ జట్టు యేల్ మీదే పాస్ ఆడింది. అదే నవంబరులో యేల్ 6–0తో హార్వర్డ్‌ను ఓడించిన మ్యాచ్‌లోనూ పొడుగు పాస్ ఉంది. తూర్పు తీరపు పెద్ద కాలేజీలంటే ఇవే.

అయితే ఏడేళ్లపాటు పాస్ మూలన ఎందుకు పడి ఉంది? కోచ్‌ల మనసులో ఏముందో నేను చెప్పలేను. నియమాల్లో ఏముందో చెప్పగలను. 1906లో 10 గజాలకు అవకాశాలు మూడే. విసిరిన బంతి ఆ డౌన్ మొదలైన గీతను మధ్య నుంచి కనీసం 5 గజాలు పక్కగా దాటాలి. ఎవరి చేయీ తగలకుండా నేల మీద పడితే బంతి పోయినట్టే. చేయి తగిలి జారినా 15 గజాల శిక్ష. గోల్ గీత దాటి పడితే అప్పుడూ బంతి పోయినట్టే. బంతి కూడా ఇప్పటిలా మొన తేలి ఉండేది కాదు, లావుగా, మొద్దుగా ఉండేది. ఒక్క చేత్తో పట్టి తిప్పి విసరడమే ఒక విద్య. 1910లో ఇంకో అడ్డు వచ్చింది: డౌన్ మొదలైన గీత అవతల 20 గజాలకు మించి విసరకూడదు.

1912లో ఆ 20 గజాల హద్దు ఎత్తేశారు. అవకాశాలు 3 నుంచి 4 అయ్యాయి. గోల్ గీత వెనక 10 గజాల చోటు గీసి, అక్కడ అందుకున్నా టచ్‌డౌనే అన్నారు. టచ్‌డౌన్ విలువ 6 పాయింట్లయింది. బంతిని సన్నం చేశారు. వెస్ట్ పాయింట్ మ్యాచ్ జరిగింది ఆ మరుసటి సీజన్‌లో. ఇంతసేపూ వెతికిన తాళంచెవి ఇదేనని నా నమ్మకం.

నియమం మారిస్తే ఆట మారుతుందనడానికి మన దగ్గరా సాక్ష్యం ఉంది, కాకపోతే అది కాలితో ఆడే ఫుట్‌బాల్‌లో. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టించాడు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అమెరికావాళ్లు పాస్ మీద ఆంక్ష తీశారు, ఈయన డ్రిబ్లింగ్ మీద ఆంక్ష పెట్టాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ షరతు వల్లే గెలిచిందని మాత్రం అనను.

మళ్లీ 1913కు వద్దాం. ఆ రోజు నోటర్ డేమ్ తరఫున విసిరింది గస్ డోరైస్. విసిరినవి 17, అందినవి 14, వచ్చిన గజాలు 243. అందుకున్నవాళ్లలో పేరు మోసినవాడు నూట్ రాక్నీ. ఆ వేసవిలో ఇద్దరూ ఈరీ సరస్సు ఒడ్డున సీడార్ పాయింట్‌లో పనికి కుదిరి, ఖాళీ దొరికినప్పుడల్లా పాస్ సాధన చేశారు. రాక్నీ అందుకున్న టచ్‌డౌన్ పాస్ పొడవు కొన్ని కథనాల్లో 25 గజాలు, కొన్నిట్లో 40. చెప్పేవాళ్లు మారిన కొద్దీ గజాలు పెరగడం ఏ ఆటలోనైనా ఉన్నదే. స్కోరుకు దానితో పనిలేదు.

స్కోరులో చాలామంది చూడనిది వేరే ఉంది. ఆ 35 పాయింట్లు ఐదు టచ్‌డౌన్లు, వాటి తర్వాతి అదనపు పాయింట్లతో వచ్చాయి. అందులో పాస్ మీద వచ్చినవి రెండు. మిగతా మూడూ పరుగు మీద వచ్చాయి. వాటిలో రెండు బంతితో పరుగెత్తే ఆటగాడు ఐకెన్‌లాబ్‌వి. పాస్‌కు పుట్టినిల్లని చెప్పుకునే మ్యాచ్‌లో పరుగుదే పైచేయి. రెండూ కలిపి ఆడిన మ్యాచ్ అనాలి, అంతే.

మరి పుట్టుక కథ ఎక్కడిది? రాక్నీ చెప్పుకున్నాడా అని చూశాను. చెప్పుకోలేదు సరికదా, తన ఆత్మకథలో కోకెమ్స్ జట్టు ముందే పాస్‌తో గెలిచిందని ఒప్పుకున్నాడు. ఆయన 1931 మార్చి 31న విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన జీవితం మీద హాలీవుడ్ సినిమా వచ్చింది 1940లో. జనం నోట్లో ఉన్న కథ ఆ సినిమా దృశ్యాలకు దగ్గరగా ఉంది, ఆయన రాతకు దూరంగా ఉంది.

ఒక చిక్కు మిగిలింది. మూడు పరుగు, రెండు పాస్ అన్న లెక్కను బట్టి సమతూకం తేల్చవచ్చా? ఇప్పటి చిట్టాలు చూస్తే జాగ్రత్త పడాలనిపిస్తుంది. పాస్ విసరబోయిన ఆటగాడిని విసరకముందే పడగొడితే, పోయిన గజాలను కాలేజీ లెక్కలో పరుగు ఖాతాలోంచి తీసేస్తారు. వృత్తి ఆటగాళ్ల ఎన్ఎఫ్ఎల్‌లో అవే గజాలు పాస్ ఖాతాలోంచి పోతాయి. ఒకే ఆటకు రెండు చిట్టాల్లో రెండు తూకాలు. పైగా అందని పాస్ గడియారాన్ని ఆపుతుంది, పరుగు మామూలుగా ఆపదు. అందుకే ఆధిక్యంలో ఉన్న జట్టు చివర్లో ఎక్కువ పరుగెత్తుతుంది. పరుగెత్తినందుకు గెలిచిందా, గెలుస్తున్నందుకు పరుగెత్తిందా అన్నది మొత్తం అంకెల్లో కనపడదు.

ఈ అనుమానాన్ని 1913 మ్యాచ్ మీదా పెట్టి చూశాను. సగం ఆట అయ్యేసరికి నోటర్ డేమ్ 14, ఆర్మీ 13. అక్కడి నుంచి ఆర్మీకి ఒక్క పాయింటూ రాలేదు, నోటర్ డేమ్‌కు మూడు టచ్‌డౌన్లు వచ్చాయి. ఒక్క పాయింటు తేడాతో రెండో సగం మొదలుపెట్టిన జట్టుకు గడియారం కరిగించే పరుగులతో గడిచేది కాదు.