కరువు చిత్రాలు

ధాత కరువు (1876–78) బళ్ళారి, కర్నూలు, కడప మండలాలను మాత్రమేకాక మద్రాసు రాజధానిలో అధికభాగాన్ని కబళించింది. ఆ ఘోరాన్ని ఛాయాచిత్రాలలో నిలిపినవాడు పాత్రికేయుడు కాడు. మద్రాసు ఆశ్వికదళంలో అధికారియైన విలోబీ వాలెస్ హూపర్. ఛాయాగ్రహణం అతనికి వృత్తి కాదు, అభిరుచి. నాటి పత్రికలు ఛాయాచిత్రాన్ని నేరుగా అచ్చువేయజాలవు. దానిని చూచి చెక్కిన బొమ్మనే ముద్రించేవి. ఎముకలగూళ్ళవంటి మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి హూపర్ తీసిన చిత్రాలు కరువుకు తిరుగులేని సాక్ష్యమైనవి. అయితే చిత్రం తీయుటతోనే అతని పని ముగిసినదని, వారికి అన్నం పెట్టలేదని ఆక్షేపణ వచ్చింది. 1886లో బర్మాలో బందీలను కాల్చిచంపే క్షణాన్ని చిత్రించినందుకు అతనిపై విచారణ కూడ జరిగింది.

1943 నాటి వంగక్షామంలో ఆంగ్లసాహిత్య విద్యార్థి సునీల్ జానా కూడ ఔత్సాహికుడుగానే కెమెరా పట్టి బయలుదేరాడు. పి. సి. జోషి ప్రోత్సాహంతో తీసిన ఆ చిత్రాలను ‘పీపుల్స్ వార్’ పత్రిక ప్రకటించింది. ప్రభుత్వం కప్పిపుచ్చజూచిన ఆకలిచావులు ప్రజల కంటబడినవి.

ఇద్దరి చిత్రాలలోను కనబడేది ఆకలియే. అవి ఎవరికొరకు తీయబడినవో విచారించినప్పుడే వాటి చరిత్ర పూర్తియగును.