కట్టెబొగ్గు – రాక్షసిబొగ్గు

బొగ్గుకీ మనకీ చుట్టరికం పాతది. కుంపట్లో, ఇస్త్రీపెట్టెలో, పళ్లు తోముకునే పొడిలో అది మన ఇళ్లలో ఒక మనిషిలాగే మసిలింది. మసిలింది గనక మసి కూడా అంటించిందనుకోండి, అది వేరే సంగతి. తర్వాత భూమిలోంచి దానికంటే నల్లనిది, దానికంటే మొండిది ఒకటి బయటికొస్తే పాతతరం వాళ్లు దానికి రాక్షసిబొగ్గని పేరు పెట్టారు. పేర్లు వేరైనా రెంటికీ తల్లి చెట్టే. ఈ సంగతి తెలుసుకోవాలంటే పాత వరంగల్ జిల్లాని మించిన పుస్తకం లేదు.

మహబూబాబాద్‌ని జనం ఇప్పటికీ మానుకోట అనే అంటారు. మానులే కోటగోడలైన ఊరు కనక ఆ పేరొచ్చిందని పెద్దల మాట. కొత్తగూడ, గంగారం వైపు వెళ్లి చూస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. అటునుంచి పైకి వెళితే తాడ్వాయి అడవి. 2019 దాకా అది భూపాలపల్లి జిల్లాలోదే, ఇప్పుడు ములుగు జిల్లా. 2024 ఆగస్టు 31న అక్కడ, మేడారానికి వెళ్లే దారి పక్కన, ఒక సుడిగాలి వచ్చింది. కాసేపట్లో యాభై వేల చెట్లు నేలకూలాయని అటవీశాఖ వారి తొలి అంచనా. వేళ్లతో సహా లేచి ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఆ వార్త చదివినవాళ్లలో చాలామందికి మొదట కలిగే ఆలోచన, "అయ్యో, అంత కలప పుచ్చిపోతుందే!" అని. సంసారం చేసే ఆడవాళ్లం, వృథా అంటే మనకి ప్రాణం మీదికొస్తుంది. కానీ అడవి సంసారం తీరు వేరు. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కర్బనం. చెట్టు దాన్ని గాలిలోంచి ఆకులతో పట్టి, ఏళ్ల తరబడి కూడబెట్టుకుంది. మాను కూలాక ఆ ఆస్తి పంపకం మొదలవుతుంది. ముందు బూజు వస్తుంది. కట్టెని గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఉందే, దాన్ని విడదీయగలవి ఈ లోకంలో బహు కొద్ది. వాటిలో పెద్దచెయ్యి బూజులదే. వెనకాలే చెదలు. మన చెదపురుగు ఉత్త తిండిపోతు కాదండోయ్, వ్యవసాయం తెలిసినది. నమిలి తెచ్చిన కట్టెమీద పుట్టలో బూజు తోట పెంచి, ఆ పంట తింటుంది. తొలకరికి ఆ తోటే పైకి తల ఎత్తుతుంది. పుట్ట మీద మొలిచే గొడుగు కనక పుట్టగొడుగు అన్నారు మనవాళ్లు. శాస్త్రజ్ఞులు చెప్పక ముందే భాషకి తెలిసిపోయింది కదూ!

ఇంత విందులోనూ కర్బనంలో ఎక్కువ భాగం తిరిగి గాలిలోకే పోతుంది. మిగిలిన కొద్దిపాటిదే మట్టిలో నల్లటి జీవంగా నిలుస్తుంది. కూలిన మానులన్నీ లారీలకెక్కిస్తే ఆ కొద్దిపాటిదీ ఉండదు.

నిప్పు ఈ లెక్కని మార్చేస్తుంది. గాలి బాగా ఆడేచోట కాలిస్తే కట్టె బూడిదవుతుంది. పోడు వ్యవసాయంలో కోయలు నమ్ముకున్నది ఈ బూడిదనే. రెండు మూడు పంటలకి బలమిస్తుంది, తర్వాత వానకి కొట్టుకుపోతుంది. మనిషి ఇంకో చోటికి కదిలి, ఆ నేలని అడవికే వదిలేసేవాడు. గాలి తగలకుండా మన్ను కప్పి మగ్గబెడితే మాత్రం బొగ్గవుతుంది. దాన్ని బూజూ ముట్టదు, చెదలూ ముట్టవు. మట్టిలో పడితే వందల ఏళ్లు, ఒక్కోసారి వేల ఏళ్లు అలాగే ఉంటుంది.

ఆ బొగ్గుని మనవాళ్లు ఎందుకు చేశారంటే, ఇనుము కోసం. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో చిట్టెం దిబ్బలు నేటికీ కనిపిస్తాయి. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చి పడిగాపులు పడేవారు. అక్కడి కొలుముల గురించి వాయ్‌సీ అనే డాక్టరు రాసిన వృత్తాంతం ఆయన పోయాక 1832లో అచ్చయింది. ఇనుముని ఉక్కు చేసేది కర్బనం. ఆ కర్బనం చెట్టుది. పారశీకుల కత్తుల మెరుపులో తెలంగాణ అడవి కూడా కొంత ఉందన్నమాట. నాలుగైదు బస్తాల కట్టె కాలితే బొగ్గు ఒక బస్తా వస్తుంది. ఎన్ని మానులు పోయాయో ఊహించుకోండి. ఆనక విలాయతీ ఇనుము చవగ్గా దిగి కొలుములు చల్లారిపోయాయి.

ఇక రాక్షసి. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు భూపాలపల్లిలో కాకతీయ గనులు, పక్కనే చెల్పూరులో కరెంటు కేంద్రం. ఆ బొగ్గు ఇరవైఅయిదు కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. నాలుక ఆకారపు ఆకులున్న చెట్లు బురదనీళ్లలో కూలాయి. గాలి అందక బూజుల పని సాగలేదు. చెదలు సరేసరి, అప్పటికింకా పుట్టనేలేదు! అలా పంపకం కాకుండా భూమిలో మూతపడిన ఆస్తిని మనం నూట యాభై ఏళ్లలో తవ్వి గాలిలో కలిపేస్తున్నాం. అడవిని పోడు తినేసిందని తేలిగ్గా అనేవాళ్లు చిట్టెం దిబ్బలకేసీ, ఓపెన్‌కాస్టు గుంతలకేసీ కూడా ఒకమాటు చూస్తే బాగుండును.

జనగామలో ఇందుకు తిరుగుపని జరిగింది. అది మానుల సీమ కాదు, చెల్కల సీమ. వాన పడితే నీరు నిలవదు, ఎరువు వేస్తే ఆగదు. దేవరుప్పుల మండలం పెదమడూరులో, ఈ శతాబ్దం మొదటి దశకంలో, సాయిభాస్కర్ రెడ్డి అనే పరిశోధకుడు పొలంలో బొగ్గు కలిపే ప్రయోగాలు చేశాడు. దీన్నే బయోచార్ అంటున్నారు. అమెజాన్ అడవుల్లో పూర్వులు బొగ్గూ, పెంకులూ, ఇంటి చెత్తా కలిపి చేసిన నల్లమట్టి వందల ఏళ్లు దాటినా సారం పోలేదని తెలిశాక ప్రపంచమంతా దీనివైపు చూసింది. బొగ్గుకి ఒంటినిండా చిల్లులే. అవి నీటినీ, ఎరువునీ పట్టుకుంటాయి. పచ్చి బొగ్గు పోస్తే మాత్రం పైరు సారం తానే తాగేస్తుంది. పేడనీళ్లలోనో, పెంటకుప్పలోనో నానబెట్టి వెయ్యాలి. కొత్తకోడలికి ఇంటి అలవాట్లు నేర్పినట్టు!

దీనికోసం మళ్లీ చెట్టు నరికితే అంతా మొదటికొస్తుంది. పత్తికట్టె ఉంది, కందికట్టె ఉంది, పొలం గట్ల మీద సర్కారు తుమ్మ ఉంది. పత్తికట్టెని రైతులు చాలాచోట్ల ఊరికే తగలబెట్టేస్తారు. బూడిదా మిగలదు, బొగ్గూ మిగలదు, ఊరంతా పొగ.

పాత కొలుముల దగ్గరి మట్టిలో ఒక్కోసారి చిట్టెంతోపాటు బొగ్గుముక్క కూడా దొరుకుతుంది. దాన్ని విరిచి భూతద్దం పెడితే పుటకలు, నాళాలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. చూడటం తెలిసినవాళ్లు అది ఏ జాతి చెట్టో చెప్పేస్తారు. అందులోని కర్బనాన్ని కొలిచి, ఆ చెట్టు ఏ కాలందో కూడా చెబుతారు.