ఆకుపచ్చ గుళికల కథ

వంటింటి గ్యాసు సిలిండరులో ఉండేవి ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు. మండటం తప్ప మరి దేనికీ అంత తేలిగ్గా లొంగవు. వీటి అణువు నుంచి రెండు హైడ్రోజన్ పరమాణువులను తీసివేస్తే ప్రొపిలీన్, బ్యూటిలీన్ వస్తాయి. వాటితో ప్లాస్టిక్ బకెట్టూ చేయవచ్చు, విమాన పెట్రోలూ చేయవచ్చు. రసాయన కర్మాగారాల్లో పనిచేసిన మన సభ్యులకు ఇది తెలిసినదే. తక్కినవారి కోసం ఈ నాలుగు మాటలు.

1933లో అమెరికాలోని ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీకి చెందిన ఫ్రే, హప్కే అనేవారు క్రోమియం ఆక్సైడ్‌ను ఉత్ప్రేరకంగా వాడి ఈ పని చేసి చూపారు. తరువాత ఆ ఆక్సైడ్‌ను అల్యూమినా గుళికల మీద పరచి వాడసాగారు. 1940లో, యుద్ధం ముమ్మరంగా సాగుతుండగా, ఇంగ్లండులోని బిల్లింగ్‌హామ్‌లో మొదటి ప్లాంటు నడిచింది. అందులో తయారైన బ్యూటిలీన్ యుద్ధ విమానాల పెట్రోలుకు వెళ్ళింది.

1942లో మలయా జపాను వశమైంది. మిత్రరాజ్యాలకు రబ్బరు కరువైంది. కృత్రిమ రబ్బరుకు బ్యూటాడైయీన్ కావాలి. అప్పుడు ఫ్రాన్సులో పుట్టి అమెరికా చేరిన యూజీన్ హూడ్రీ పేరిట ఉన్న పద్ధతి అక్కరకు వచ్చింది. ఇందులోని తెలివి నన్ను ఇప్పటికీ ముచ్చటపరుస్తుంది. ఈ చర్య వేడిని మింగుతుంది, పైగా గుళికల మీద బొగ్గు పేరుకొని అవి కొద్ది నిమిషాలకే మొద్దుబారతాయి. హూడ్రీ పద్ధతిలో గాలి పంపి ఆ బొగ్గునే కాల్చారు. గుళికలు శుభ్రపడటమే కాదు, ఆ మంట వేడి తరువాతి విడతకు ఇంధనమైంది! ఒక అణువు రెండుగా విడిపోతుంది గనుక తక్కువ పీడనం అనుకూలం. అందుకే రియాక్టరును వాతావరణ పీడనానికి దిగువన నడిపారు.

అయితే గాలితో కాల్చినప్పుడు ఆకుపచ్చ క్రోమియంలో కొంత ఆరు వేలన్సీ గల పసుపు రూపానికి మారుతుంది. అది క్యాన్సరు కారకం. మా రోజుల్లో వాడిన ఉత్ప్రేరకాన్ని దించేటప్పుడు ముక్కుకు జేబురుమాలే రక్ష. ధూళి ఏమిటో అడిగితే, ‘పని చూసుకోవయ్యా’ అనేవారు సూపర్‌వైజరు. తరువాత పుస్తకం చదివి తెలుసుకున్నాను.

1990లో థాయిలాండులో ప్లాటినం, తగరం గల ఉత్ప్రేరకంతో మరో పద్ధతి పారిశ్రామికంగా మొదలైంది. క్రోమియం లేకుండా గాలియం, వెనేడియం ఆక్సైడ్‌ల మీద పరిశోధనలు సాగుతున్నాయి. అయినా క్రోమియం గుళికలు ఇంకా రిటైరు కాలేదు.