అపార్టుమెంట్లలో గాలి ప్రసరణ సిమ్యులేషన్

ఫ్లాట్లలోకి గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో కట్టడానికి ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి. భవనాన్నీ ఇరుగుపొరుగు కట్టడాలనూ త్రీడీ నమూనాగా మలిచి, చుట్టూ ఉన్న ఆవరణను లక్షలాది గడులుగా విడగొడతారు. ఒక్కో గడిలో గాలి వేగం, పీడనం ఎంతో నేవియర్-స్టోక్స్ సమీకరణాల ఆధారంగా తేలుస్తారు.

గాలి తగిలే గోడ దగ్గర పీడనం ఎక్కువ, వెనకవైపు తక్కువ. ఈ తేడాయే గాలిని ఇంట్లోంచి నడిపిస్తుంది. కిటికీ ఎంత పెద్దదైనా, గాలి బయటికి పోయే దారి లేకపోతే ప్రయోజనం స్వల్పం. పడకగది తలుపు మూస్తే లెక్కే మారిపోతుంది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నట్టు చూపే నివేదికలను కాస్త అనుమానించడమే మంచిది.

సింగపూర్ ఈ పద్ధతిని బాగా వాడుకుంది. అక్కడి హరిత భవనాల గుర్తింపు పథకం గ్రీన్ మార్క్, ఫ్లాట్లలో సెకనుకు 0.6 మీటర్ల సగటు గాలి వేగాన్ని ఒక ప్రమాణంగా తీసుకుంది. ఉత్తర, దక్షిణ దిక్కుల గాలులే అక్కడ ప్రధానం.

భవనం గాలికి సరిగ్గా ఎదురుగా ఉండాలన్న నియమమేమీ లేదు. భారత జాతీయ భవన నియమావళి ప్రకారం 30 డిగ్రీల వరకూ పక్కకు తిప్పినా గాలి లాభం తగ్గదు.