పెద్ద అక్షరం కన్నా పాత విభజన: ఇంగ్లీషులో సామాన్యనామం, సంజ్ఞానామం

ఒక జాతికి చెందిన వాటన్నిటికీ వర్తించే పేరు సామాన్యనామమనీ, ఒక మనిషికో ఊరికో నదికో ప్రత్యేకంగా పెట్టుకున్న పేరు సంజ్ఞానామమనీ ఇంగ్లీషు వ్యాకరణం చేసే విభజన ఇంగ్లీషులో పుట్టినది కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో క్రిసిప్పస్ వంటి స్టోయిక్ తాత్త్వికులు ఈ రెంటినీ వేర్వేరు భాషాభాగాలుగా లెక్కించగా, డయొనీసియస్ థ్రాక్స్ పేరిట నిలిచిన గ్రీకు వ్యాకరణం వాటిని మళ్ళీ నామవాచకంలో చేర్చింది. ఆ పద్ధతినే డొనాటస్, ప్రిస్కియన్ లాటిన్‌లో స్థిరపరిచారు. 1586లో తొలి ఇంగ్లీషు వ్యాకరణాన్ని ముద్రించిన విలియం బులొకార్ కూడా లాటిన్ చట్రంలోనే రాశాడు. లాటిన్‌లో ఆర్టికల్ లేదు కాబట్టి ఆ చట్రం అర్థాన్ని బట్టే నామాలను విడదీసింది తప్ప, ‘కింగ్’ వంటి మాటకు ముందు సాధారణంగా ‘ఎ’ గానీ ‘ది’ గానీ కావాలనీ, ‘లండన్’కు అక్కర్లేదనీ తెలిపే ఇంగ్లీషు సొంత లక్షణానికి అందులో చోటు లేకపోయింది.

నేడు బడిలో మొదటి గుర్తుగా నేర్పే క్యాపిటల్ అక్షరం ఈ పనికి కుదిరింది ఇంకా ఆలస్యంగా. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం తొలి సగంలో ముద్రాపకులు సామాన్యనామాలను కూడా విరివిగా పెద్ద అక్షరంతోనే మొదలుపెట్టేవారు. 1726లో వెలువడిన ‘గలివర్స్ ట్రావెల్స్’ తొలి ముద్రణలోనూ, 1787 నాటి అమెరికా రాజ్యాంగ ప్రతిలోనూ ఈ అలవాటు స్పష్టంగా కనిపిస్తుంది. అది సడలిన తరువాతే పెద్ద అక్షరం సంజ్ఞానామానికి చిహ్నంగా మిగిలింది. అయినా ‘ఇండియన్’ వంటి విశేషణాలకు కూడా అదే అక్షరం వాడే భాషలో దానిని నిర్వచనంగా పట్టుకోవడం సరికాదు. పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేని తెలుగు లిపిలో చదివేవారు ఊరి పేరును ఇట్టే గుర్తుపట్టడం ఇందుకు మంచి సాక్ష్యం.

లిండ్లీ మర్రే 1795లో ప్రచురించిన వ్యాకరణం ఈ విభజనను పాఠశాలలకు విస్తృతంగా చేర్చింది గానీ, లోతైన ప్రశ్న వేసినవాడు తర్కవేత్త జాన్ స్టువర్ట్ మిల్. డార్ట్ నది ముఖద్వారాన ఉన్నందుకే డార్ట్‌మత్ పట్టణానికి ఆ పేరు వచ్చినా, నది దారి మళ్ళితే పేరు మారనవసరం లేదు కాబట్టి సంజ్ఞానామం వస్తువును సూచిస్తుందే తప్ప దాని గుణాలను చెప్పదని 1843లో ఆయన వాదించాడు. వాడుకలో పేరు ఎన్నో గుణాలను స్ఫురింపజేస్తుందని 1924లో భాషావేత్త ఒటో యెస్పర్సన్ దానిని ఖండించాడు. 1880 నాటి ఐర్లండ్ కౌలుదారుల పోరులో కెప్టెన్ బాయ్‌కాట్ ఇంటిపేరు వెలివేతకు మారుపేరైన తీరు చూస్తే యెస్పర్సన్ వైపే మొగ్గాలనిపిస్తుంది.

2002లో హడల్‌స్టన్, పుల్లమ్ ముఖ్య రచయితలుగా వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం సంజ్ఞానామమనే ఒంటిమాటనూ, పేరుగా పనిచేసే పూర్తి పదబంధాన్నీ వేరు చేసింది. ఈ వివేచన వల్లనే ‘యునైటెడ్ నేషన్స్’లో సంజ్ఞానామం ఒక్కటీ లేకపోయినా, ఆ రెండు మాటలూ కలిసి ఒకే సంస్థ పేరు ఎలా అవుతున్నాయో వివరించడం వీలైంది.