అమీర్ తెమూర్ ఊళ్లో

తాష్కెంట్‌కు వచ్చిన కొత్తలో మా పక్కింటి పెద్దాయనతో మాట్లాడుతూ 'తైమూర్ లంగ్' అన్నాను. బళ్లో మనం చదువుకున్న పేరు అదే కదా. ఆయన మొహం చిన్నబోయింది. "లంగ్ అనకమ్మా, కుంటివాడని తిట్టినట్టుంటుంది. అమీర్ తెమూర్ అను" అన్నాడు. తెమూర్ అంటే తుర్కీ భాషలో ఇనుము. కుంటితనం మాత్రం అబద్ధం కాదు. 1941లో సమాధి తెరిచినప్పుడు సోవియట్ శాస్త్రవేత్త గెరాసిమోవ్ ఎముకలు చూసి, కుడికాలు దెబ్బతిన్నదేనని తేల్చాడు.

తెమూర్ 1336లో, సమర్‌ఖండ్‌కు దక్షిణాన ఇప్పుడు షహ్రిసబ్జ్ అంటున్న ఊరి దగ్గర పుట్టాడు. బర్లాస్ తెగవాడు, మూలం మంగోలు, మాట తుర్కీ. చెంగిజ్ ఖాన్ రక్తం లేనివాడు ఖాన్ కాకూడదన్నది ఆనాటి కట్టుబాటు. అందుకే 1370లో అధికారం చేజిక్కించుకున్నాక కూడా చెంగిజ్ వంశస్థుణ్ణి ఒకణ్ణి పేరుకు గద్దెనెక్కించి, తాను అమీర్‌గానే ఉండిపోయాడు. ఆ వంశపు ఆడపడుచు సరాయ్ ముల్క్ ఖానుమ్‌ను పెళ్లాడి 'గూరగాన్', అంటే అల్లుడు, అన్న బిరుదు పెట్టుకున్నాడు.

1398 డిసెంబరులో ఢిల్లీ మీద పడ్డాడు. యుద్ధానికి ముందు లక్షమంది బందీలను చంపించాడని ఆయన్ను పొగిడిన చరిత్రకారులే రాశారు. ఊరు దోచాక రాళ్లు చెక్కే పనివాళ్లను ఏరి సమర్‌ఖండ్‌కు తోలుకుపోయాడు. మరుసటి ఏడే బీబీ ఖానుమ్ మసీదుకు పునాది పడింది. మన దేశపు ఏనుగులే రాళ్లు మోశాయి. 1404లో స్పెయిన్ రాయబారి క్లావిహో ఆ పని కళ్లారా చూశాడు. ముఖద్వారం పొట్టిగా ఉందని కూల్చి మళ్లీ కట్టమన్నాడట తెమూర్. అప్పటికే ముసలితనం, నడవలేడు. పల్లకిలో వచ్చి, గోతుల్లో పనిచేసేవాళ్లకు కుక్కలకు వేసినట్టు మాంసం ముక్కలు, నాణేలు విసిరేవాడట. ఆ గోతుల్లో మనవాళ్లూ ఉండే ఉంటారు. ఆ ఆత్రంలో కట్టిన కట్టడం ఎన్నాళ్లో నిలవలేదు, త్వరలోనే పెళ్లలు రాలడం మొదలైంది. ఇప్పుడు కనిపించే నీలి గుమ్మటం ఈ మధ్య కాలంలో మళ్లీ కట్టింది.

1405లో చైనా మీదికి వెళుతూ ఒత్రార్‌లో పోయాడు. మనవడు ఉలుగ్ బేగ్ సమర్‌ఖండ్‌లో వేధశాల కట్టి చుక్కలు లెక్కించాడు. ఆ తాతకు ఈ మనవడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సోవియట్ రోజుల్లో తెమూర్ ఇక్కడ పీడకుడు. ఉజ్బెకిస్తాన్‌కు స్వాతంత్ర్యం వచ్చాక 1993లో తాష్కెంట్ నడిబొడ్డున, ఒకప్పుడు కార్ల్ మార్క్స్ విగ్రహమున్న చోట, గుర్రమెక్కిన తెమూర్‌ను నిలబెట్టారు. నిజానికి తెమూర్ వంశాన్ని ఈ నేల నుంచి తరిమింది షైబానీ ఖాన్ నడిపిన ఉజ్బెకులే. అలా తరిమేస్తే మన దేశానికి వచ్చినవాడే బాబరు. అతని వంశంలోని ఔరంగజేబు 1687లో గోల్కొండను పట్టుకున్నాడు. ఆ ముట్టడిలో ఫిరంగి దెబ్బకు ప్రాణం విడిచిన ఖిలిచ్ ఖాన్ సమర్‌ఖండ్ ప్రాంతం నుంచి వచ్చినవాడు, మొదటి నిజాముకు తాత. అందుకే ఈ కథ నాకు పరాయిది అనిపించదు. ఇక్కడివాళ్ల గర్వాన్ని గౌరవిస్తాను, ఢిల్లీని మరవను.

మీరెవరైనా సమర్‌ఖండ్ వస్తే తెమూర్ సమాధి చూడండి. తర్వాత బీబీ ఖానుమ్ మసీదుకు కూడా వెళ్లండి. అక్కడ రాయి చెక్కిన ఢిల్లీ పనివాళ్ల పేర్లు నాకు ఏ గోడ మీదా కనబడలేదు.