పడవల మురుగు - హుస్సేన్‌సాగర్ జలాలపై ప్రభావం

సికింద్రాబాద్: జంట నగరాల నడుమ గల హుస్సేన్‌సాగర్ జలాశయం 16వ శతాబ్దంలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనాకాలంలో నిర్మితమైనది. ఒకప్పుడు నగరానికి తాగునీరందించిన ఈ జలాశయం అనంతరకాలంలో పర్యాటక లాంచీలకు, తెరచాప పడవల పోటీలకు నెలవైనది. పడవల నుండి మానవ వ్యర్థాలు నీటిలో కలిసినచో కలుగు నష్టం ఇక్కడ తెలుసుకోదగినది.

సాగర్ కాలుష్యానికి ప్రధాన కారణం పడవలు కావు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల ద్వారా దశాబ్దాలుగా చేరిన గృహ మురుగు, పారిశ్రామిక వ్యర్థాలే అందుకు మూలం. పోటీలలో పాల్గొనే లేజర్, ఆప్టిమిస్ట్ వంటి చిన్న పడవలలో మరుగుదొడ్లే ఉండవు. సమస్య మరుగుదొడ్డి గల పెద్ద లాంచీలకు సంబంధించినది.

అట్లని దీనిని స్వల్పమని విడిచిపెట్టుట సరికాదు. పడవలో నీటి వాడకం తక్కువ కావున అందలి మురుగు ఇళ్ల మురుగు కంటే చిక్కగా ఉంటుంది. దానిని కుళ్లించే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఆక్సిజన్ తగ్గినపుడు చేపలు చనిపోతాయి. నత్రజని, భాస్వరం వలన నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి. అవి కుళ్లి అడుగున చేరి, వేసవిలో దుర్గంధానికి కారణమవుతాయి. కోలిఫాం తదితర సూక్ష్మక్రిముల వలన కామెర్లు, అతిసారం వ్యాపించే ప్రమాదం కలదు. తెరచాప పడవ తిరగబడినపుడు ఆ నీటిలో పడేది క్రీడాకారులే. బహిరంగ స్నానయోగ్యమైన నీటిలో 100 మిల్లీలీటర్లకు మొత్తం కోలిఫాం 500కు మించరాదని, ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

సముద్రయానానికి సంబంధించి మార్పోల్ ఒడంబడికలోని నాలుగవ అనుబంధం 2003 సెప్టెంబరు 27న అమలులోకి వచ్చినది. దాని ప్రకారం నలగగొట్టి క్రిమిరహితం చేసిన మురుగును తీరానికి 3 నాటికల్ మైళ్లకు, శుద్ధి చేయనిదానిని 12 నాటికల్ మైళ్లకు, అనగా సుమారు 22 కిలోమీటర్లకు ఆవల మాత్రమే, అదియు ఓడ నడుస్తుండగా, వదలవలెను. హుస్సేన్‌సాగర్ నడిమధ్యన నిలిచినను ఒడ్డు రెండు కిలోమీటర్ల లోపే. ఈ నిబంధన చెరువులకు వర్తించదు గాని, ఆ కొలతతో చూచినచో ఇక్కడ మురుగు వదలదగిన చోటే లేదు. పైగా సాగర్ మిగులు నీరు మూసీలో, మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తాయి.

జలవనరులలో కలుషిత పదార్థాలు వదలుటను 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ నిషేధించుచున్నది. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టంలో నౌకల వలన కలిగే కాలుష్య నివారణకు ప్రత్యేక అధ్యాయమే కలదు.

పరిష్కారం ఖర్చుతో కూడినది కాదు. లాంచీలో మూసి ఉంచిన ట్యాంకు, రేవు వద్ద దానిని తోడి భూగర్భ మురుగు కాలువలోకి పంపే పంపు ఉంటే చాలును. రోజంతా సాగే పాపికొండల గోదావరి యాత్ర లాంచీలకు ఈ ఏర్పాటు మరింత అవసరం. అయితే రసాయన మరుగుదొడ్లలో ఫార్మాల్డిహైడ్ గల ద్రావణాలు వాడరాదు. శుద్ధి కేంద్రంలో మురుగును శుభ్రపరిచే బాక్టీరియానే అవి చంపుతాయి.